స్పెల్లింగు శిక్ష

ఇంగ్లీషు వచ్చినవాడు బుద్ధిమంతుడనియు, రానివాడు మందమతి యనియు మన యిండ్లలో నొక నమ్మకము పాతుకొని చాలకాలమైనది. ఆ నమ్మకము కడుపున మరియొక నమ్మకము పుట్టినది. ఇంగ్లీషు వచ్చినవారిలో సయితము స్పెల్లింగు తప్పక వ్రాయువాడే విద్వాంసుడట. ఒక యక్షరము తారుమారు చేసినవాడు చదివియు చదువనివాడేనట. తెలుగులో ఒత్తు తప్పినచో నవ్వి యూరకుందుము. పైగా "తెలుగు మరచిపోతిమండీ" యని కొంత గర్వముతోనే చెప్పుకొందుము. ఇంగ్లీషులో ఒక్క 'ఈ' జారిపోయినచో నలుగురిలో తల యెత్తజాలము. పరభాషయందు మనము చూపు ఈ భయభక్తులలో భక్తి మాట యెట్లున్నను, భయమునకు మాత్రము తగిన హేతు వున్నదా లేదా యని విచారింపవలసియున్నది.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది మా వీధిలోని యొక బాలిక. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఒకనాటి సాయంకాలము నోటుపుస్తకము చేతబట్టుకొని వచ్చి మా గడపలో నిలిచినది. రంగు అను నర్థముగల 'కలర్' అను మాటను 'యూ' లేకుండ వ్రాసినందులకు బడిలో పంతులమ్మ యెర్రసిరాతో గీత గీసి, నూరుమారులు వ్రాసి తెమ్మని దండన విధించినదట. పిల్ల నూరుమారులు వ్రాసినది. పిదప అదే వ్యాసమును ఇంటిలోని కంప్యూటరుపై నెక్కించుచుండగా, ఈమారు 'యూ'తో చక్కగా వ్రాసిన మాటక్రిందనే ఆ యంత్రము వంకరటింకర యెర్రగీత గీసినది.

"బాబాయిగారూ, 'యూ' లేకపోతే తప్పని పంతులమ్మగారన్నారు. ఉంటే తప్పని కంప్యూటరంటోంది. మరి నేనెలా రాయాలండీ?" అని ఆ పిల్ల నన్నడిగినది.

ఆ కన్నులలో నీరు లేదు, కోపమున్నది. అది న్యాయమైన కోపమని నాకు తోచినది. దండన యొకటే యైనచో పిల్లలు సహింతురు. ఇద్దరు న్యాయాధిపతులు ఒకే పనికి ఎదురెదురు తీర్పులు చెప్పి, ఇద్దరును ఎర్రగీతలే గీసినచో ఎంతటి పెద్దలకైనను సహనముండదు గదా!

పంతులమ్మయు యంత్రమును, వీరిలో ఎవరును అబద్ధమాడలేదు. ఇద్దరును సగము నిజము చెప్పిరి. మన బడులు ఇంగ్లండువారి వాడుకను అనుసరించుచున్నవి. మనల నేలినవారు వారు గనుక ఆ వాడుక మనకు దక్కినది. ఆ యింటి యంత్రము అమెరికావారి వాడుకకు అమర్పబడియున్నది. ఈ రెండింటిలో ఒకటి యొప్పు, మరియొకటి తప్పు అని తీర్పు చెప్పగల న్యాయస్థానము ఇంగ్లీషు భాషకు లేదు. ఫ్రెంచివారు తమ భాషకొరకు 1635లో ఒక పండిత పరిషత్తును నెలకొల్పుకొనిరి. ఇంగ్లీషువారు అట్టిదానిని నెలకొల్పుకొనలేదు. వారికి వాడుకయే శాసనము. నిఘంటువు ఆ శాసనమును వ్రాసిపెట్టు కరణము మాత్రమే.

ఈ సంగతి తెలియనివారు ఇంగ్లీషు వర్ణక్రమము వేదమువలె అనాదియని తలంచుచుందురు. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టరునందు ముద్రాయంత్రమును నెలకొల్పిననాటికి ఇంగ్లీషు మాటలకు స్థిరమైన వర్ణక్రమమే లేదు. ఒకే గ్రంథమున ఒకే మాట రెండు మూడు వేషములతో కనబడుచుండెను. షేక్స్పియరు మహాకవి చేవ్రాళ్ళు ఆరు మాత్రము నేటికి నిలిచియున్నవి. ఆ యారింటిలోను పేరు ఒక్కతీరున లేదు. అంతటి కవి నేడు మన బడిలో చేరినచో తన పేరునే నూరుమారులు వ్రాసి తేవలసి వచ్చును.

ముద్రణము అక్షరములను క్రమక్రమముగా కట్టివేయుచుండగా, ఆ శతాబ్దములలోనే జనుల నోట అచ్చుల యుచ్చారణము మారిపోయినది. కొన్ని హల్లులు నోటినుండియే జారిపోయినవి. రాత్రి యను నర్థముగల 'నైట్' అను మాట నడుమనున్న 'జీ, హెచ్' అను నక్షరములు ఒకప్పుడు నిజముగా పలుకబడినవే. ధ్వని పోయినది, అక్షరములు నిలిచినవి. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీచేసి పోయినను వారి పేరుపలక తలుపుమీద మిగిలినట్లయినది. ఆ పలకను చూచి, లోపలివారిని పిలువక పలకను మాత్రము మ్రొక్కుచు పోవలెనని మనము పిల్లలకు నేర్పుచున్నాము.

ఇక ఆ 'యూ' సంగతి. లాటిను మూలమున ఆ మాటకు 'యూ' లేదు. ఫ్రెంచివారి దారిని ఇంగ్లండు చేరునప్పుడు అది అంటుకొనినది. శామ్యూల్ జాన్సన్ 1755లో లండనునందు ప్రకటించిన నిఘంటువు దానిని నిలుపుకొన్నది. అమెరికా స్వతంత్రమైన పిమ్మట నోవా వెబ్‌స్టర్ అను నాయన, స్వతంత్రదేశమునకు స్వతంత్రమైన వర్ణక్రమము తగునని వాదించి, 1783లో పిల్లలకొరకు వర్ణక్రమ పుస్తకమును, తరువాత 1806లోను 1828లోను నిఘంటువులను ప్రకటించెను. 'కలర్' నుండియు, పొరుగువాడను నర్థముగల 'నైబర్' నుండియు ఆయన నిఘంటువులు 'యూ'ను తొలగించినవి. అక్కడి ప్రజ దానిని అంగీకరించినది. అట్లని ఆయన చెప్పిన దంతయు సాగలేదు. నాలుక యను నర్థముగల మాటను, స్త్రీలను నర్థముగల మాటను పలికినట్లే వ్రాయుదమని ఆయన సూచింపగా, ఆ దేశమే చెవినిబెట్టలేదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు 300 మాటలను సులభమైన వర్ణక్రమముతో అచ్చొత్తవలసినదని ప్రభుత్వ ముద్రణాలయమునకు ఉత్తరువు చేసెను. పత్రికలు పరిహసించినవి, ప్రతినిధులసభ యెదురుతిరిగినది, సంవత్సరము ముగియకముందే ఉత్తరువు వెనుకకు పోయినది. రాజ్యాధికారమునకు లొంగనిది వాడుకకు లొంగినది. ఇట్టి వాడుక రెండు దేశములలో రెండు విధములైనప్పుడు, ఒకచోటి మర్యాద మరియొకచోట నేరమగుట వింత కాదా?

ఆ బాలికకు నేను చెప్పిన మాట యిది: "అమ్మా, బడిలో బడివారి పద్ధతి వ్రాయుము. అది నీవు తెలివితక్కువదానవగుటచేత గాదు. ఒక ఊరిలో ఒక బాటను నడచుట మర్యాద గనుక. యంత్రమునకు నీ పద్ధతి యేదో నీవే చెప్పుము, చెప్పినచో వినును." యంత్రములో ఇంగ్లండు ఇంగ్లీషు వేరు, అమెరికా ఇంగ్లీషు వేరు, భారతదేశపు ఇంగ్లీషు వేరుగా ఏర్పరచుకొనుటకు వీలున్నది. ఆ చిన్న మార్పు చేసినంతనే ఎర్రగీత మాయమైనది. యంత్రము మారినంత సులభముగా మనుష్యులు మారరు. అందులకే యీ వ్యాసము.

నిర్దోషమైన యీ భేదము ఎంత బాధ పెట్టగలదో చూపుటకు మా బంధువర్గములోని యొక పెద్దమ్మ సంగతి చెప్పెదను. ఆమె చిన్ననాట పల్లెలో అయిదవ తరగతితో చదువు ముగించి, సంసారములో దిగి, బిడ్డలను పెంచి, అరువదియైదవ యేట ఇంగ్లీషు నేర్చుకొన మొదలిడినది. ఉద్యోగమునకు గాదు, పేరునకు గాదు. కుమారుని కుమార్తె అమెరికాలో పుట్టి పెరుగుచున్నది. ఆ పిల్లకు తెలుగు చెవికి తెలియును గాని కంటికి తెలియదు. మనుమరాలితో ఉత్తరములు నడుపవలెనని యీమె కోరిక. రెండేండ్లు శ్రమించి చిన్న చిన్న వాక్యములు కూర్చుట నేర్చినది. పొరుగింటివారి పెండ్లి, పెండ్లికూతురు నగలు, ఆనాటి నల్లమబ్బు, ఇట్టివన్నియు స్వహస్తముతో వ్రాసి, ఆ కాగితమును ఫోనులో ఫొటో తీయించి పంపుచుండెడిది. ఒకనాడు పదేండ్ల మనుమరాలు ఆ యుత్తరములోని మూడు మాటలక్రింద గీతలు గీసి, సరియైన రూపములు ప్రక్కన వ్రాసి తిరుగ పంపినది. పొరుగువాడను మాట యొకటి, నగలను మాట యొకటి, బూడిదరంగను మాట యొకటి. పిల్ల దురుద్దేశముతో చేయలేదు. బడిలో తనకు జరిగినదే తాను చేసినది. పెద్దమ్మ మాత్రము పుస్తకము మూసి బీరువాలో పెట్టినది. రెండు నెలలు ఉత్తరము లేదు.

నేను వెళ్ళి, "ఏం పెద్దమ్మా, ఉత్తరాలు మానేశావటగా?" అంటిని.

"ఇంకేం ఉత్తరాలురా! మూడు మాటలు రాస్తే మూడూ తప్పులేనట. ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు? ఆ పిల్ల దగ్గర కూడా లోకువైపోయాను" అని ఆమె కొంగు సవరించుకొని మొగము త్రిప్పుకొన్నది.

నేను నిఘంటువు తెచ్చి ఆ మూడు మాటలను ఒక్కటొక్కటిగా చూపితిని. నగలను మాట అమెరికాలో పొట్టి, ఇంగ్లండులో పొడవు. బూడిదరంగు అక్కడ 'ఏ'తో, ఇక్కడ 'ఈ'తో. పొరుగువానికి అక్కడ 'యూ' లేదు, ఇక్కడ ఉన్నది. ఆమె కండ్లజోడు పెట్టుకొని, ప్రతిమాటమీదను వ్రేలుంచి చదివి, చాలసేపటికి తలయెత్తినది.

"అయితే నేను రాసినవి తప్పులు కావన్నమాట. ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదేంరా?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను, నేటికిని లేదు. ఆ రాత్రియే ఆమె మనుమరాలికి వ్రాసినది: మీ యూరిలో అట్లు, మా యూరిలో ఇట్లు, రెండును మంచివే యని. మనుమరాలు మారుత్తరములో, అట్లయినచో మీ యూరి మాటలు ఇంకను ఏమేమి యున్నవో చెప్పుమని కోరినదట. ఇప్పుడు ప్రతి యుత్తరపు అడుగునను పెద్దమ్మ ఒక తెలుగు అక్షరము పెద్దదిగా వ్రాసి పంపుచున్నది. మూడు గీతలు రెండు నెలలపాటు తెంపిన బంధమును రెండు ముక్కల చరిత్ర మరల కలిపినది. ఇదే పని ఎన్ని యిండ్లలో జరుగక, ఎందరు తల్లులు, ఎందరు కోడండ్రు, ఎందరు నడివయస్సు గృహిణులు ఒక్క నవ్వునకు వెరచి పుస్తకము మూసికొన్నారో లెక్క యెవరు చెప్పగలరు?

అయినచో స్పెల్లింగున కేమియు విలువ లేదా యని కొందరు నన్ను నిలదీయవచ్చును. విలువ యున్నది. అది యెచ్చట నున్నదో తెలిసికొనుటకు ఒక్క ప్రశ్న చాలును: అక్షరము మారినచో అర్థము మారునా? మారనిచోట ఒక పద్ధతిని పట్టుకొని దానిని విడువకుండిన చాలును. మారుచోట మాత్రము శ్రద్ధ వహింపవలెను.

'స్టేషనరీ' అను మాటను చూడుడు. చెవికి ఒకటే. చివర 'ఏ, ఆర్, వై' వ్రాసినచో కదలక నిలిచియున్నదని యర్థము; 'ఈ, ఆర్, వై' వ్రాసినచో కాగితములు, కలములు, కవరులు. ఇవి యెంత దూరపు వస్తువులో చూచితిరా? కాని యీ రెండును ఒక్కతల్లి బిడ్డలు. మధ్యయుగమున యూరోపులో సరకులమ్మువారు పెక్కురు ఊరూర తిరుగుచుండగా, విశ్వవిద్యాలయములకడ స్థిరముగా అంగడి పెట్టుకొని పుస్తకములమ్మువారిని 'స్టేషనర్' అనుచుండిరి. కదలని యంగడివాడు గనుక ఆ పేరు. లండనులోని వీరి సంఘమునకు 1557లో రాజశాసనము లభించినది. మన రైలు స్టేషను కూడ ఈ కుటుంబములోనిదే. రైలు కదలును గాని స్టేషను కదలదు గదా! ఈ కథ చెప్పినచో పిల్లవాడు నూరుమారులు వ్రాయనక్కరలేదు. ఒక్కమారు వినిన చాలును.

పిండి యను నర్థముగల 'ఫ్లవర్', పువ్వను నర్థముగల 'ఫ్లవర్' అట్టివే. ఒకప్పుడవి రెండును ఒక్కటే మాట. గోధుమలలో పువ్వువంటి మేలిభాగము గనుక పిండికి ఆ పేరు వచ్చినది. 1755నాటి జాన్సన్ నిఘంటువులో సయితము ఆ రెండును వేరుపడలేదు. తరువాత వాడుకలో సౌకర్యమునకై వ్రాతలో వేరుపడినవి. లోహమను నర్థముగల 'మెటల్', పౌరుషమను నర్థముగల 'మెటిల్' గూడ నొక్కటే మాట రెండుగా చీలినది. వారు వ్రాతను చీల్చిరి, మనము చీల్చలేదు. ఉక్కు గునపమందుము, శత్రువుల యుక్కడచెననియు నందుము. ఒకే ఉక్కు గునపములోను, గుండెలోను ఉన్నది.

అట్లే 'ప్రిన్సిపల్'. చివర 'పీ, ఏ, ఎల్' ఐనచో కళాశాలకు పెద్ద, లేదా అప్పులో అసలు; 'పీ, ఎల్, ఈ' ఐనచో నియమము, ధర్మసూత్రము. బ్యాంకి పత్రములో అసలు తీర్చితినని వ్రాయవలసినచోట ధర్మము తీర్చితినని వ్రాసినచో చదువువాడు తికమకపడును. ఇట్టి భేదములు మనకు పనికివచ్చు భేదములు. వీటిని నేర్పుము, నేర్చుకొనుము. నేర్పునప్పుడు కథతో నేర్పుము.

పలుకని యక్షరములలో కొన్నింటి చరిత్ర వినినచో పిల్లలు పెద్దలను క్షమింతురు. అప్పు అను నర్థముగల 'డెట్', సందేహమను నర్థముగల 'డౌట్' అను మాటలలో 'బీ' యున్నది, ఎవరును పలుకరు. ఫ్రెంచినుండి ఆ మాటలు వచ్చునప్పుడు ఆ యక్షరము లేదు. లాటిను మూలములో 'బీ' యున్నదని పండితులు తరువాత తెచ్చి యందు చొప్పించిరి. అప్పను మాట తన 'బీ'ని గూడ అప్పుగానే తెచ్చుకొన్నది. ద్వీపమను నర్థముగల 'ఐలాండ్' అను మాట నడుమనున్న 'యస్' మరియు వింత. అది స్వచ్ఛమైన ప్రాచీనాంగ్ల పదము. దానికి 'యస్'తో సంబంధమే లేదు. లాటినునుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన వేరొక మాటతో చుట్టరికము కలదని పొరబడి ఆ యక్షరమును చేర్చిరి. పండితుల పొరపాటు శాసనమైనది. ఆ పొరపాటును మరచిన పిల్లవాని పొరపాటు నేరమైనది.

ఇంతకును వర్ణక్రమము నిర్దుష్టముగ నుండియు అపాయము కలిగించు మాటలు వేరుగా నున్నవి. అవి వ్రాతలో ఒక్కటే, అర్థములో పెక్కు. నిఘంటువులలో 'సెట్' అను మూడక్షరముల మాట పెక్కు పుటల నాక్రమించియున్నది. ఆక్స్‌ఫర్డు నిఘంటువు రెండవ కూర్పున దాని యర్థములు 400కు మించినవి. అది భారము గాని ప్రమాదము గాదు. ప్రమాదము తన్ను తానే ఖండించు మాటలలో నున్నది. 'శాంక్షన్' అనగా అనుమతి. 'శాంక్షన్' అనగా ఆంక్ష. ఇంటికొరకు అప్పు శాంక్షనైన దినమున మిఠాయి పంచుకొందుము. ఒక దేశముపై శాంక్షనులు పడినచో ఆ దేశమునందలి యిల్లాండ్రు నూనెకు, మందులకు అలమటింతురు. 'ఓవర్‌సైట్' అనగా పైనుండి కనిపెట్టి చూచుట. మరల 'ఓవర్‌సైట్' అనగా చూడక వదలుట. ఒక యధికారి ఓవర్‌సైట్ వలన పని చెడినదనినచో, ఆయన చూచుటచేత చెడినదో చూడకుండుటచేత చెడినదో సందర్భమే చెప్పవలెను.

'టేబుల్' అను మాటను క్రియగా వాడుటలో ఇంగ్లండునకును అమెరికాకును పొత్తు కుదురదు. ఒక విషయమును టేబుల్ చేయుట యనగా ఇంగ్లండులో చర్చకు తెచ్చుట. అమెరికాలో చర్చ నాపి ప్రక్కకు పెట్టుట. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఉభయదేశముల సేనానాయకులు కూర్చున్న సభలో ఈ మాటపై దీర్ఘమైన కలహము జరిగినదని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసియున్నాడు. వింత యేమన, ఇరుపక్షములవారును కోరినది ఒక్కటే. అట్టివారిలో ఎవరును స్పెల్లింగు తప్పినవారు కారు. 'బిలియన్' అను సంఖ్య యును ఇట్టిదే. ఇంగ్లండు ప్రభుత్వము 1974లో అమెరికా లెక్కను స్వీకరించి వేయి మిలియనులుగా ఎంచు వరకును, అక్కడ దానికి మిలియను మిలియనులని యర్థము. మాట యొక్కటే, వేయిరెట్ల తేడా!

ఇక మన యిండ్లకు దగ్గరి మాట యొకటి చెప్పెదను. వధువు కావలెనను ఇంగ్లీషు ప్రకటనలలో 'హోమ్లీ' అను మాట తరచుగా కనబడుచుండును. మనవారి యుద్దేశములో దానికర్థము, ఇంటిపట్టున నుండునది, వంటయు వినయమును తెలిసినది. ఇంగ్లండులో ఆ మాట ఆడంబరము లేక హాయిగొల్పునది యను నర్థమున, తరచుగా ఇంటికి వంటకు వాడుదురు. అమెరికాలోనో, మనిషిని గూర్చి 'హోమ్లీ' యనినచో రూపురేఖలు లేనిదని యర్థము. అమెరికాలోని వరునికి హోమ్లీ కన్య కావలెనని ప్రకటించు తల్లిదండ్రులు, ఆ దేశపు పొరుగువారి కంటికి, అందము లేని పిల్లను వెదకుచున్నట్లుండును. నవ్వు వచ్చుచున్నది గదా! కాని నవ్విన పిమ్మట ఒక్కక్షణ మాగుడు. అర్థములు మూడున్నవి. ఇంటిపట్టున నుండునదా, హాయి గొల్పునదా, అందము లేనిదా యని పెద్దలు తీర్మానింతురు. ఈ మూడింటిలో తనకే యర్థము నచ్చునో, అసలు ఆ మాట తనకు నచ్చునో లేదో ఆ పిల్ల నడిగినవా రెవరు? అక్షరమొక్కటియు తప్పని ఆ ప్రకటనలో తప్పు లేదని చెప్పగలమా?

కావున, అక్షరమునందు మనము చూపు శ్రద్ధలో సగమైనను అర్థమునందు చూపవలెనని నా మనవి. ఇంట పిల్లవాడు ఇంగ్లీషు మాట తప్పు వ్రాసినచో, మొదట, ఇది వేరొక దేశమున ఒప్పేమో యని నిఘంటువు చూడుడు. ఒప్పైనచో ఆ సంగతి వానికి చెప్పి, మన బడి పద్ధతి యిదియని చూపుడు. నిజముగా తప్పేయైనచో ఆ యక్షరము ఎట్లు వచ్చినదో కథ చెప్పుడు. చదువు క్రొత్తగా మొదలిడిన కోడలినో, అత్తనో, వంటయింట పనిచేయుచు రాత్రిబడికి పోవుచున్న యామెనో చూచి నవ్వకుడు. ఆ నవ్వు ఒక్క క్షణము. అది మూయించిన పుస్తకము జన్మమంతయు తెరువబడకపోవచ్చును. ఉపాధ్యాయులకును ఇదే విన్నపము. ఎర్రసిరా చవుక; పిల్లల ధైర్యము చవుక గాదు.

ఇంగ్లీషువారికే గాదు, ఈ చిక్కులు మనకును కలవు. 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరము. 'ఏరు' అనగా ఏరుకొనుట. 'ఏఱు' అనగా నది. పూర్వులు అరసున్నతోను బండిరాతోను వీటిని వేరుపరచిరి. నేటి యచ్చులో ఆ గుర్తులు చాలవరకు కనుమరుగైనవి. అయినను ఏరు దాటి తెప్ప తగులబెట్టినాడనినచో, ఎవరును బియ్యములో రాళ్ళేరుటను తలంపరు. అర్థము అక్షరములో మాత్రమే లేదు. పలుకువాని యుద్దేశములోను, వినువాని యోపికలోను సగమున్నది.

మాట దేశముతో మారునని తెలిసికొనుటకు సముద్రములు దాటనక్కరయు లేదు. సంస్కృతమున 'శిక్ష' యనగా నేర్పుట. ఉత్తరాదివారు ఆ యర్థమునే నిలుపుకొని, విద్యను 'శిక్షా' యనుచున్నారు. వారి విద్యాశాఖకు అదియే పేరు. ఆ శబ్దమే మన తెలుగునేలను చేరి దండనమైనది. 'శిక్షణ'లో పాతయర్థము కొంత మిగిలియున్నది గాని, 'శిక్ష' యనగానే మన పిల్లలకు బెత్తమే గుర్తుకు వచ్చును. నేర్పుట దండనముగా ఎప్పుడు మారినదో ఏ నిఘంటువును చెప్పదు. అది మన బడులలోను, మన యిండ్లలోను నిత్యము మారుచునే యున్నది. ఆ మాటకు మరల పాతయర్థము తెచ్చుట పండితుల వలన గాదు, ప్రభుత్వపు టుత్తరువుల వలనను గాదు. వాడుకవలననే యగును, ఆ వాడుక మన చేతిలోనిది.